బావిలో నేర్పిన ఈత

ప్రియమైన దేవకుమారికి, ప్రభువు నామంలో వందనాలు.

నేనూ స్తుతీ బాగానే ఉన్నాం. నీ ఆరోగ్యం కోసం రోజూ ప్రార్థన చేసుకుంటున్నాం. ఈ ఉత్తరం మన సంతోషకుమారి చేతికిచ్చి పంపుతున్నాను. సెలవు అయిపోయి మళ్లీ కువైట్ వచ్చేస్తోందిగా, తనకి సంగతంతా తెలుసు. పనులన్నీ అయ్యాక తనని పక్కన కూర్చోబెట్టుకుని చదువు. ఫోన్లో చెప్పలేని కబురు ఇందులో ఉంది. ఒక్కసారిగా చెప్పే ధైర్యం నాకు లేదు, నా పద్ధతిలో నన్ను చెప్పనివ్వు. కంగారుపడి చివరి పేజీ ముందు చూడకు.

పోయిన ఉత్తరంలో పత్తి ఎలా ఉందని అడిగావు. రెండు తీతలు బాగానే వచ్చాయి. మూడోదానికి గులాబీ పురుగు పడింది, కాయ విప్పితే లోపల దూది నల్లగా ఉంది. చేను అలాగే వదిలేశాను. గొర్రెలవాళ్లు మేపుకుంటున్నారు. చుట్ట మానేశావా అన్నావు. మానలేదు. నీకు ఈమధ్య చెప్పిన అబద్ధాలు చాలు, ఇంకొకటి ఎందుకు?

పిల్లలకి సముద్రం ఎప్పుడు చూపిస్తావు, విమానంలోంచి చూసినప్పుడల్లా వాళ్లే గుర్తొస్తారు అని రాశావు. చూపించాను. కొత్త సంవత్సరం ఆరాధన అయిన మర్నాడు మన ఖాజావలి కారు మాట్లాడాను. నన్నూ నా గొప్పలనూ భరించే స్నేహితుడు వాడొక్కడేగా. స్తుతి తెల్లారకుండానే లేచి పులిహోర కలిపింది. ముందు సీటు నాదంటే నాదని అన్నాచెల్లెళ్లు వాకిట్లోనే కొట్టుకున్నారు. పంతొమ్మిదేళ్లొచ్చినా నీకు బుద్ధి రాలేదురా అని బెన్నీని తిట్టాను. చివరికి ముందు సీట్లో వాడే కూర్చున్నాడు.

ఒంగోలు దాటి కొత్తపట్నం వెళ్లాం. అన్ని నీళ్లు ఒక్కచోట చూసేసరికి నేను చెప్పులు అక్కడే విడిచేశాను. స్తుతి చెవులు మూసుకుంది. బెన్నీ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని, పొలం చూడొచ్చిన ఆసామిలా నిలబడి అన్నాడు:

"నాన్నా, ఇందులో సగం నీళ్లు మన చేలకి పంపితే ఎవడి సొమ్ము పోయింది?"

"ముందు ఉప్పు తీసి పంపాలిగదరా" అన్నాడు ఖాజావలి.

అక్కడినుంచి చీరాల రోడ్డు పట్టాం. చినగంజాం దగ్గర దూరాన తెల్లటి గుట్టలు చూసి, "ఎవరో పత్తి ఆరబోశారు, ఈళ్లకి పురుగు పడలేదు కామోసు" అని అరిచాడు వాడు. దగ్గరికి వెళ్తే ఉప్పు కుప్పలు. దిగి, వేలితో కాస్త తీసుకుని నాకాడు, మొహం వికారంగా పెట్టాడు. స్తుతి ఫొటో తీసింది. మేం అంతగా నవ్వుకుని ఎన్నాళ్లయిందో. ఆ ఫొటోలన్నీ సంతోషకుమారి ఫోన్లో వేశాం. ఉత్తరం చదివాకే చూడు.

చీరాల దాటాక ఒక పల్లెపాలెం దగ్గర ఆగాం. పొద్దు వాలుతోంది, ఇక చాలు పోదామన్నాడు ఖాజావలి. ఒక్కసారి నీళ్లలో దిగొస్తానన్నాడు బెన్నీ. స్తుతి వద్దంది. నేనేమన్నానో తెలుసా? "వాడికి ఈత నేర్పింది నేనమ్మా, ఏం కాదు" అన్నాను.

ఫోన్ చేస్తే బెన్నీ ఎందుకు మాట్లాడటం లేదు, నామీద అలిగాడా అని అడుగుతున్నావు. వాడి ఫోన్ పాడైందని స్తుతితో నేనే చెప్పించాను. దేవీ, బెన్నీ లేడు. ఆ సాయంత్రమే సముద్రం తీసుకుపోయింది. మర్నాడు పొద్దున ఒడ్డుకి వచ్చాడు. మీ నాన్న పక్కనే సమాధి చేశాం. వెంటనే చెప్పలేదు. పరాయి ఇంట్లో, గట్టిగా ఏడవటానికి కూడా చోటు లేనిచోట, ఒక్కదానివే ఎలా ఉంటావని చెప్పలేదు. అదీ నిజమే, నాకు నోరు రాలేదన్నదీ నిజమే.

నువ్వు చూపించమన్నావు గనక ఇలా అయిందని ఒక్క క్షణం కూడా అనుకోకు. ఎలా అయిందో నాకు తెలుసు. ఇది స్తుతికి కూడా చెప్పలేదు.

మన బావిలో వాడికి నడుముకి బెండు కట్టి ఈత నేర్పాను గుర్తుందా? నువ్వు గట్టుమీద నిలబడి నాకు శాపనార్థాలు పెట్టేదానివి. మన బావుల్లో ఈత నేర్పే ప్రతివాడూ చెప్పేది ఒకటే. అలిసిపోతే అటూ ఇటూ కొట్టుకోవద్దు, తిన్నగా మెట్ల దగ్గరికి రా. నేను మెట్టుమీద నిలబడి చెయ్యి చాచేవాణ్ణి. వాడు నా చెయ్యి చూసుకుంటూ వచ్చేవాడు.

ఆ రోజు నీళ్లు వాణ్ణి లోపలికి లాగటం మొదలుపెట్టగానే వాడు పక్కకి తిరిగాడు. భయపడి తిరిగాడో, తోచక తిరిగాడో తెలియదు. నేను నడుంలోతు నీళ్లలో నిలబడి చెయ్యి చాచి అరిచాను. "అటు కాదురా! నా చెయ్యి చూడు! తిన్నగా రా!" జన్మలో నా మాట విననివాడు అప్పుడు విన్నాడు. పక్కకి పోయేవాడు నావైపు తిరిగాడు. ఎంత ఈదినా ఉన్నచోటే ఉన్నాడు. నేనూ దూకాను, అల విసిరికొట్టింది. ఖాజావలి నడుం పట్టుకుని లాక్కొచ్చి పడేశాడు.

వాణ్ణి వెతకటానికి పడవ వేసుకెళ్లిన యలమందయ్య అనే పెద్దాయన మర్నాడు నా పక్కన కూర్చుని చెప్పాడు. "లాగుడున్న చోట ఎదురీదకూడదయ్యా. ఒడ్డెంబడి పక్కకి పోతే కాసేపటికి అదే వదిలేసిద్ది." నన్ను ఓదార్చటానికే చెప్పాడు పాపం. నేనేం అరిచానో ఆయనకి తెలియదు.

పాస్టరు గారు దేవుని చిత్తం అంటున్నారు. నేను తల ఊపుతున్నాను. పగలు చేలో గొర్రెల వెనక తిరుగుతున్నాను, ఇంటికొస్తే స్తుతి అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంటుంది. నిన్ను రమ్మని అడిగే మొహం లేదు. వచ్చినా చూడటానికి ఏమీ మిగల్లేదు. నన్ను ఏం అనాలనిపిస్తే అది అను, పడతాను.

చివరిసారి తల పైకొచ్చినప్పుడు వాడు నావైపే చూశాడు దేవీ. నోరు తెరిచి నాతో ఏదో అన్నాడు. అలల హోరులో వినపడలేదు. ఏమన్నాడని నువ్వు అడుగుతావు.

ఇట్లు,
నీ పిల్లల తండ్రి,
జయరావు