నూట పన్నెండో ప్రశ్నకు జవాబు బి

పెద్దమ్మకు చిన్నోడి నమస్కారాలు.

ఫోన్లో నీకు సగమే వినబడుతుంది కాబట్టి ఉత్తరం. వచ్చే నెల లిఫ్టు మెకానిక్ సర్టిఫికెట్ పరీక్ష. పాసైతే మేస్త్రీ పక్కన లేకుండా నేనే లిఫ్టు చూసి, బాగుందని సంతకం పెట్టొచ్చు. పుస్తకం దిండంత ఉంది. అదృష్టం కొద్దీ జవాబులన్నీ ముందే చేతికొచ్చాయి. పొద్దున బట్టీ, సాయంత్రం బట్టీ.

నీ చిన్నోడు

తా.క.: పుస్తకం తల కింద పెట్టుకుంటే నిద్ర బాగా పడుతోంది.

*

చిన్నోడికి పెద్దమ్మ ఆశీస్సులు.

సగమే వినబడటం నా చెవుల తప్పు కాదు, నువ్వు నములుతూ మాట్లాడతావు. సరే, కంపెనీయే జవాబులిచ్చి మరీ చదివిస్తోందన్నమాట. ఎక్కాలు చెప్పమంటే మంచం కింద దూరినవాడివి, ఇంతవాడివయ్యావు. ఈ ఏడు మా లిఫ్టు తనిఖీకి మావాడే వస్తాడని బిల్డింగు సెక్రటరీకి చెప్పేశాను. ఆయనా సరేనన్నాడు.

ఇట్లు, ఆరో అంతస్తు పెద్దమ్మ

తా.క.: లిఫ్టు నాలుగో అంతస్తు దగ్గర ఎగిరెగిరి పడుతోంది. నేను మధ్యలో ఇరుక్కుంటే ఏం చెయ్యాలిరా?

*

పెద్దమ్మకు నమస్కారాలు.

ఇరుక్కుంటే ఏం చెయ్యాలన్నది నూట పన్నెండో ప్రశ్న. జవాబు బి. ఈ జవాబులు కంపెనీ ఇచ్చినవి కావు. ఇదివరకు పరీక్ష రాసినవాళ్లు గుర్తుపెట్టుకుని బయటికి చేరవేశారు. ప్రశ్నలో మొదటి ముక్క, పక్కన అక్షరం, అంతే. మా బ్యాచ్ మొత్తం ఇవే చదువుతోంది. నలుగురితో పాటు నారాయణా. కష్టపడి బట్టీ పట్టేది నేనే కదా, ఇందులో తప్పేముంది?

నీ చిన్నోడు

తా.క.: బి అంటే ఏమిటని అడగకు. బి అంటే బి.

*

ఒరేయ్ చిన్నోడా,

ఈసారి ఆశీస్సులు లేవు. నీ ఉత్తరం లిఫ్టులో నిలబడి చదివాను. తలుపు తెరుచుకునేదాకా నా ప్రాణం నాది కాదు. నలుగురితో పాటు నారాయణా అంటావా? నీ లిఫ్టెక్కితే నన్ను మోసుకెళ్లడానికే ఆ నలుగురూ కావాలి. మూడో అంతస్తులో చంటిపిల్లల తల్లి ఉంది. ఆమె చూసేది నీ బట్టీని కాదురా, నీ సంతకాన్ని. తెలియనిది తెలుసని సంతకం పెట్టడాన్ని అబద్ధమంటారు. నన్ను ఎక్కించే ధైర్యం నీకున్న లిఫ్టుకే సంతకం పెట్టు. నీతో నా తల ప్రాణం తోకకొస్తోంది.

పెద్దమ్మ

తా.క.: ఫోన్లోనే తిట్టేదాన్ని. సిగ్నల్ లేదని పెట్టేస్తావు. ఉత్తరానికి ఆ వంక లేదు.

*

పెద్దమ్మకు నమస్కారాలు.

తిట్లు దీవెనలనుకున్నా. పాసయ్యాను, బ్యాచ్‌లో నేనే ఫస్టు. మంగళవారం మీ లిఫ్టు తనిఖీకి వస్తున్నా.

సర్టిఫికెట్ ఉన్న నీ చిన్నోడు

తా.క.: నూట పన్నెండో ప్రశ్న ఈసారి రాలేదు.

*

పెద్దమ్మా,

నువ్వు బజారుకెళ్లినట్టున్నావు, ఈ కాగితం తలుపు కిందినుంచి తోస్తున్నా. పైన మోటారు గదిలో బ్రేకు ముందు చాలాసేపు నిలబడ్డా. అరిగిపోయిందో, అది ఉండేదే అలాగో నాకు తెలియలేదు. పరీక్షలో దానికి సి అని పెట్టి మార్కు తెచ్చుకున్నా. సంతకం పెట్టబోతే, నువ్వు కూరల సంచితో లోపల నిలబడ్డట్టు అనిపించింది. చెయ్యి రాలేదు. లిఫ్టు ఆపేసి బోర్డు తగిలించా. మేస్త్రీకి నిజం చెప్పి సర్టిఫికెట్ ఆయనకిచ్చేస్తా. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు, భయంగానే ఉంది.

చిన్నోడు

తా.క.: లిఫ్టు బాగయ్యేదాకా రోజూ ఆరు అంతస్తులు ఎక్కాలి నువ్వు. మెల్లగా ఎక్కు.

*

నాయనా చిన్నోడికి ఆశీస్సులు, పాత బాకీతో కలిపి.

నాలుగో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ రాస్తున్నాను. ఆ రోజు బోర్డు పెట్టినవాణ్ణి కింది మెట్టు నుంచి పై మెట్టుదాకా తిట్టుకుంటూ ఎక్కాను. తీరా చూస్తే మనవాడే. మీ మేస్త్రీ వచ్చాడు. బ్రేకు పూర్తిగా అరిగిపోయిందట, కొత్తది రావడానికి టైము పడుతుందట. నిన్ను మళ్లీ సహాయకుడిగా పెట్టుకుంటానన్నాడు. ఒప్పుకో, నోరెత్తకు. బిల్డింగంతా నన్ను తిడుతోంది. మీవాడు ఒక్క సంతకం పడేస్తే పోయేదిగా అన్నాడు సెక్రటరీ. మావాడు పెట్టలేదయ్యా అని గొప్పగా చెప్పాను. రొప్పుతున్నానేమో, ఆయనకు సగమే వినబడింది.

ఇట్లు, మోకాళ్లు పట్టేసిన పెద్దమ్మ

తా.క.: నీ దిండు పుస్తకం వెనక నూట పన్నెండో ప్రశ్న ఉంది, మేస్త్రీ తన దగ్గరున్న పుస్తకంలో చూపించాడు. జవాబు డి అట. గంట నొక్కి, కదలకుండా కూర్చోవాలట. బి అంటే తలుపు బలవంతంగా తెరిచి కిందికి దూకడం. నువ్వు చెప్పావని దూకేదాన్నేరా.