నీళ్లు తాగిన నైలాన్

అమ్మకు,

నీ పెద్దకూతురు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం కులాసాగా ఉన్నాం. నీ మనవరాలికి ముందుపన్ను ఊడింది. అద్దం ముందు నుంచి కదలడం లేదు. మోకాలి నొప్పి తగ్గిందని రాశావు గానీ నాకు నమ్మకం కుదరలేదు. ఉన్నదున్నట్టు రాయి.

కిందటి ఉత్తరంలో రెండు సంగతులు అడిగావు. మొదటిది చదివి మీ అల్లుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "ప్లాస్టిక్ అంటే బకెట్టేగా, అందులో ఎంచడానికి ఏముందే?" అన్నావు. ఉందమ్మా.

మా పాల ఫ్యాక్టరీలో సీసాలు కడిగే యంత్రానికి ఒక జారుడు తలుపు ఉంది. రోజంతా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ఇనుము మీద ఇనుము రాసుకుంటే అరుగుతుంది. పాల దగ్గర గ్రీజు పనికిరాదు. అందుకే తలుపు అంచుల కింద నున్నటి ప్లాస్టిక్ పట్టీలు వేస్తాం. ఏ ప్లాస్టిక్ అన్నదే తంటా. నెల రోజులుగా నాకు అదే లోకం. నాలుగు రకాల ముక్కలు కోసి, మందం కొలిచి, వేడినీళ్ల డబ్బాలో నానబెట్టి, రోజూ తీసి మళ్లీ కొలుస్తూ వచ్చాను. నైలాన్ గట్టిది, ఒక పట్టాన అరగదు; కానీ గుట్టుగా నీళ్లు తాగి ఉబ్బుతుంది. నీ పెనానికి పూసే టెఫ్లాన్ అంత జారుడుది ఇంకోటి లేదు. బరువు మోపితే మాత్రం అణిగి పక్కకు పాకుతుంది. పాలిథిన్ జాతిలోనే గట్టిరకం ఒకటుంది. దానికి నీళ్లంటవు, వేడి తగిలితే సాగుతుంది. ఎసిటాల్ అనేది ఉన్నంతలో నిలకడ మనిషి. ఒక్కొక్కదాని గుణగణాలు విచారిస్తుంటే పెళ్లి సంబంధాలు చూస్తున్నట్టే ఉంది.

రేకు మీద ముక్క పెట్టి, ఒక అంచు మెల్లగా ఎత్తుతూ, ఎంత వాలుకు జారుతుందో చూడడం నాకు భలే సరదా. కొన్ని మొరాయించి మొరాయించి, కదిలాక ఒక్కసారిగా పరుగెడతాయి. కొన్ని మర్యాదగా బయలుదేరతాయి. మాకు కావలసినవి ఈ రెండో రకం.

ఇక మా పెద్దమేస్త్రి వేలు ఎలా విరిగిందని అడిగావు. ఏదో పొరపాటని రాసి దాటేశాను. ఆ పొరపాటు నాదేనమ్మా. చేతికి దొరికిన నైలాన్ పట్టీని పొడిగా ఉన్నప్పుడు కొలిచి, వెంట్రుకవాసి సందైనా వదలకుండా బిగించాను. అందరూ భేష్ అన్నారు. రెండు వారాలకు అది ఉబ్బి తలుపు బిగుసుకుపోయింది. మేస్త్రి యంత్రం ఆపి చేత్తో నెట్టారు. ఎంతకీ కదలనిది ఉన్నట్టుండి వదిలేసరికి వేలు తలుపుకీ చట్రానికీ మధ్య చిక్కింది. తన తొందరే కారణమని మేనేజరుతో చెప్పారాయన. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు.

నాలుగో రోజు ఆయన ఇంటికి వెళ్లి చెప్పేశాను. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఆయన అంతా విన్నారు.

"ఎంత ఉబ్బిందో కొలిచావా?" అన్నారు.

"లేదండీ."

"కొలిచి పట్టుకురా. మేనేజరు దగ్గరికి ఇద్దరం పోదాం. నోరు మాత్రం నువ్వే తెరవాలి."

తెరిచాను. చివాట్లు పడ్డాయి, సరైన ప్లాస్టిక్ వెతికే పనీ నా మెడకే పడింది. మొన్న సోమవారం ఎసిటాల్ పట్టీలు వేసి, ఈసారి తగినంత సందు వదిలాం. మేస్త్రి కట్టు విప్పారు. ఆ వేలు ఇక పూర్తిగా వంగదట. ఇదంతా నీకు రాయడానికే ఇన్నాళ్లు పట్టింది నాకు.

ఆయన ఆ చేత్తోనే తలుపు తోశారు. చప్పుడు లేకుండా జారింది. వెనక్కి లాగి మళ్లీ తోశారు.

"ఇంతకీ ఇదెందుకు జారుతుందంటావ్?" అన్నారు.

నాకు సగమే తెలుసన్నాను. మిగతా సగం కోసం భోజనాల బల్ల మీద కాగితం పరుచుకుని, సైరన్ మోగేదాకా ఇద్దరం బొమ్మలు గీస్తూనే ఉన్నాం.

కోపం వస్తే తిట్టు. తిట్లయినా సరే, ఉత్తరం నిండా రాయి.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి