ఓడిన పార్టీకి కొత్త లీడర్

వసంతా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈలోగా ఎలక్షన్ వచ్చింది, మన పార్టీ ఓడిపోయింది, లీడర్ మర్నాడే రాజీనామా చేశాడు. పార్టీ కోసం కెనడాలోని ఈ విండ్సర్‌లో మనిద్దరం ఎన్ని గుమ్మాలు ఎక్కామో, ఎన్ని కుక్కల చేత మొరిగించుకున్నామో నీకు తెలుసు. ఈసారి ఒక్కదాన్నే ఎక్కాను.

కొత్త లీడర్ని ఓటేసి ఎన్నుకునేది మెంబర్లే కదా, ఆ పదవికి పోటీ చేస్తున్నాయన నిన్న మధ్యాహ్నం లైబ్రరీ హాలుకి వచ్చాడు. ఎందుకు ఓడిపోయామో చెబుతాడనుకున్నాను. నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి, "మీ తెలుగువాళ్ళ మెంబర్‌షిప్‌లు ఎన్ని తేగలరు?" అని అడిగాడు.

"కార్ల ప్లాంటులో రెండో షిఫ్ట్ తీసేశారు. మా వీధిలో ఇళ్ళు అమ్మకానికి పెడుతున్నారు. వాళ్ళ గుమ్మం ఎక్కితే ఏం చెప్పమంటారు?" అన్నాను.

"అదంతా తర్వాత చూద్దాం. ముందు నేను గెలవాలి కదా" అన్నాడు నవ్వుతూ.

నువ్వైతే, గెలిచి ఏం చేస్తారో చెప్పి కదలమనేదానివి. నేను కాఫీ కప్పు పట్టుకుని పక్కకి తప్పుకున్నాను. ఆయన కన్నా నా మీదే నాకు ఎక్కువ రోత పుట్టింది.

నేను బయల్దేరుతుంటే ఆయన మనిషి ఒకడు లాప్‌టాప్ నా వైపు తిప్పాడు. అందులో పాత మెంబర్ల లిస్టు ఉంది. నీ పేరు మీద వేలు పెట్టి, "ఈవిడ తెలుసా? ఓటు మనకేనా?" అన్నాడు.

"ఆవిడ చనిపోయి ఏడాదవుతోంది" అన్నాను.

"ఓ, సారీ" అని నీ పేరు డిలీట్ చేసి, కింది పేరు చదివాడు.

నీ
పద్మ