బొమ్మ బొమ్మకూ ‘గడ్డ’ అన్న నా మెదడు

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం కాపురస్తుడు, కీర్తిశేషులు సుందరం గారి పెద్దకొడుకు, మామిడికాయల మండీలో వేలం వేసే రాజారత్నం అను నేను, వయస్సు అరవై మూడు, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన మరణశాసనం ఏమనగా: నా బుద్ధి స్థిమితంగా ఉంది. ఈ మాట అందరూ రాసుకుంటారు, విన్నవాళ్ళు నమ్మాలి. నా దగ్గర మాత్రం ఫోటోలున్నాయి. తలలో గడ్డ మళ్ళీ పెరుగుతోందనీ, మాట పుట్టే చోటికి ఇంకా చేరలేదనీ పోయిన వారం తీసిన స్కానింగు చెబుతోంది. చేరేలోపల ఈ పని ముగించాలి.

1. ఇల్లూ, దాని వెనుక తోపూ నా భార్య కృపారాణికి సర్వహక్కులతో చెందవలెను. ఎవరూ అడ్డు చెప్పరాదు. మొదటి ఆపరేషను అయ్యాక ఆమె నా మంచం పట్టుకుని, "ఏమయ్యా, ఏదో ఒగటి మాట్లాడు, తిట్టినా సరే" అని ఏడ్చింది. నేను "కాఫీ" అన్నాను. ఇన్నేళ్ళ కాపురంలో నా మాటకు ఆమె అంత సంతోషపడింది ఆ ఒక్కసారే.

2. మండీలో నేను ఎక్కి నిలబడే ఎత్తుపీట నాతోపాటు వేలం వేసే భానుచందర్‌కు ఇవ్వవలెను. నేను ఆసుపత్రిలో ఉండగా "రాజారత్నం ఇంక మూగోడే, రాడు" అని రైతులందరికీ చెప్పి నా చోట్లో దూరాడు. పొట్టివాడు, వెనక వరుసకు కనబడనే లేదట. ఈసారి నిజంగానే రాను. ఎక్కి అరుచుకోనీ.

3. నా మెదడును తిరుపతిలో పరిశోధన చేసే డాక్టర్ రూపశ్రీకి అప్పగించవలెను. నా తమ్ముడు జయరావు దీనికి ఒప్పుకోవడం లేదు కాబట్టి కారణం విపులంగా రాయిస్తున్నాను.

ఆరేళ్ళ కిందట మొదటిసారి గడ్డ బయటపడినప్పుడు, కత్తి ఎంతవరకు పోవచ్చో తెలుసుకోవడానికి నన్ను స్కానింగు గొట్టంలో పడుకోబెట్టి, బొమ్మలు చూపించి పేర్లు చెప్పమన్నారు. చెప్పాను: ఉర్లగడ్డ. ఎర్రగడ్డ. తెల్లగడ్డ. గెనుసుగడ్డ. పరీక్ష పెట్టినాయన మన వైపు మనిషి కాడు, తెలుగు పుస్తకంలో చూసి నేర్చుకున్నాడు. ఆయన కాగితంలో బంగాళాదుంప, ఉల్లిపాయ, వెల్లుల్లి, చిలగడదుంప అని ఉన్నాయి. పాపం, ఏ కూరగాయ బొమ్మ చూపినా ఈయన గడ్డ గడ్డ అంటున్నాడే, మాట అక్కడే పట్టేసింది అనుకుని అన్నింటికీ తప్పు వేశాడు. ఆ చోటు ఎలాగూ చెడిపోయింది, కోసినా పోయేదేమీ లేదని తేల్చారు. నా గొంతూ నా కూడూ రెండూ పోయేవే.

రూపశ్రీ మన వైపే, వడమాలపేట పిల్ల. ఫోటోల నుంచి నా మెదడుకు కంప్యూటర్‌లో నమూనా కట్టడం ఆమె పని. ఏ దారి తెంపితే ఏ పని ఆగిపోతుందో అందులో ముందే ఆడించి చూస్తుంది. ఆ చోటు చెడి ఉంటే నేను మాట కోసం తడుముకోవాలి అంటోంది నమూనా. ఫోటోల్లో మాత్రం ఉర్లగడ్డ అన్నప్పుడల్లా అక్కడికి రక్తం నిండుగా వస్తోంది, కుక్కను కుక్క అన్నప్పుడు వచ్చినట్టే. కాగితం ఒకటంటోంది, మెదడు ఇంకొకటంటోంది. ఆమె నా గొంతు రికార్డు తెప్పించుకుని విని, పకపకా నవ్విందట. "సార్, ఇవి తప్పులు గాదు. మా ఇంట్లో కూడా ఉర్లగడ్డే వండుతారు" అని కోసే డాక్టరుకు చెప్పి కత్తి దారి మార్పించింది. ఆ తల్లి తెలివికి దండం పెట్టాలి! అంత పెద్ద యంత్రం నాది ఏ ఊరి తెలుగని అడగలేదు, మాట దొరికిందా లేదా అని మాత్రమే చూసింది. దాన్ని చదవగలిగిన మనిషి ఉండబట్టి నేను మళ్ళీ మండీలో నోరు తెరిచాను.

ఆపరేషను తర్వాత మాట కొత్త దారులు వేసుకుందని ఇప్పుడు ఆమె నమూనా అంటోంది. అది నిజమో కాదో ఫోటో పూర్తిగా చెప్పలేదు, మెదడును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తేనే తేలుతుందట. తప్పని తేలినా మంచిదే, ఇంకొకరి తల తెరిచేటప్పుడు ఆ తప్పు జరగదు అంటుంది. తన మాట తప్పేమో చూసుకోవడానికి ఇంత ఆశపడే మనిషిని నేను మండీలో ఎన్నడూ చూడలేదు.

4. జయరావుకు ఏమీ రాయలేదు. సాక్షి సంతకం చేసేవాడికి ఆస్తి రాయకూడదని వకీలు గారు చెప్పారు, నాకు వాడి సంతకమే కావాలి. నేను పోయాక చావు పనులన్నీ చూసేది వాడే, నా శరీరం వాడి చేతిలో ఉంటుంది. వాడు కాదంటే ఈ కాగితం ఎందుకూ పనికిరాదు. "కడపటి దినాన దేవుడు లేపితే మెదడు లేకుండా ఎట్ట లేస్తావన్నా?" అని అడిగి, నెలగా నాతో మాట మానేశాడు. ఒరే జయా, మట్టిలోంచి నన్ను లేపగలిగినవాడు తిరుపతి నుంచి మెదడు తెచ్చుకోలేడా? పని కాగానే శరీరాన్ని ఇంటికి పంపుతారు. సమాధి దగ్గర ప్రార్థన నువ్వే చెయ్యాలి. వేరే ఎవరు చేసినా నాకు వద్దు.

బంగారుపాళ్యం, 12 జూన్ 2025.

(సంతకం) రాజారత్నం

సాక్షులు:

1. వెంకటరమణ, వకీలు, చిత్తూరు.

2. జయరావు. స్వహస్తంతో రాసేదేమంటే, అన్న సంతకం పెట్టేది నా కండ్లారా సూసినాను. నాకు ఇది ఇష్టం లేదు. అయినా తిరుపతికి నేనే తోడుకొని పోతాను, ఆడ పని అయ్యేదాకా వాకిట్లోనే కూసోనుంటాను. అన్నా, నీకు మాట ఉండంగానే ఈ పొద్దు నాతో మాట్లాడు.