కాఫీ మర తిప్పే చెయ్యి

కొత్తకోట
4-7-89

అక్కకు ఏసోబు వందనాలు. విరిగిన కుడి చెయ్యి అతుక్కుంది, ఫికర్ చేయకు.

నువ్వు పంపిన కాఫీ పొట్లాలు అందాయి. వేడి పాలల్లో కలిపితే చాలు, గింజలు పట్టే పని లేదని రాశావు. సరే. కానీ నా కాఫీ మర దాచేయమని నేను అద్దెకుంటున్న ఇంటామెకు ఉత్తరం రాయడమేమిటి? పొద్దున లేచేసరికి అజీజా బేగం దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసింది. "ఇర్గిన చెయ్యితోని మర తిప్పుడేంది సారూ? మీ అక్క ఒద్దని రాసింది" అని పొట్లం కలిపి గ్లాసు చేతికిచ్చింది. నేనేమన్నా పసిపిల్లాడినా? అది కాఫీ కాదు, మాడిన బెల్లం నీళ్లు!

కట్టు విప్పిన రోజు దవాఖానలో డాక్టరు ఏం చెప్పాడో అడిగావా? రోజూ ఏదో ఒక పిడి పట్టుకుని తిప్పమన్నాడు. నేను మర పట్టుకున్నాను. మొదటి వారం పిడి కదల్లేదు. మొన్న రెండు గ్లాసులకు సరిపడా పొడి పట్టాను.

బాపు కంట్లో చుక్కలు వేస్తున్నారా? నా గొంగడి పంపు. పొట్లాలు పంపకు. బేగం నీ మాటే వింటుంది, తాళం తీయమని ఇవాళే రాయి. పిల్లలకు దీవెనలు.

పోయిన కార్డు నేను చెబుతుంటే లియాఖత్ అలీ సారు రాశాడు. ఈ వంకర అక్షరాలు నావి.