అద్దం నాతోనే వస్తోంది

నాన్నా, పిన్‌బాల్ ఆట మిషనుకి పైన బిగించే బొమ్మల అద్దాన్ని నేనే రైల్లో విశాఖపట్నం తీసుకెళ్తున్నాను. పార్సిల్లో జాగ్రత్తగా పంపాలంటే నా టికెట్టుకు మూడింతలు అడిగారు.

నాలుగింటికి వాట్‌గంజ్ పేట నుంచి టెంపో నడిపే దాదా వస్తాడు. మిషను ఆటబల్ల ఉన్న చెక్కపెట్టె అతనికివ్వు, విశాఖపట్నం లారీకి ఎక్కిస్తాడు. పడుకోబెట్టనివ్వకు, నిలబెట్టి తాళ్ళు కట్టించు.

"ఏటి, అంత అద్దం నువ్వు మోస్తావేటి?" అని నిన్న అరిచావు. మోస్తాను. ఏడాదిపాటు కూర్చుని నువ్వు రంగులేసిన మొదటి అద్దం లారీలో ముక్కలైనప్పుడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. నిన్ను మళ్ళీ అలా చూడలేను.

చేపల పులుసు వేడి చేసుకుని తిను.

మేరీరాణి

అద్దాన్ని నువ్వు దాచుకున్న అమ్మ దుప్పట్లోనే చుట్టాను. తిట్టాలనుంటే రేపు నేను దిగాక ఫోన్ చెయ్యి. దారిలో వద్దు, రెండు చేతులూ అద్దం మీదే ఉంటాయి.