మోకాలి లోపలి తోడికోడళ్ళు

చిరంజీవి నారాయణప్పకు, కుప్పం నుంచి అక్క రామక్క దీవించి రాస్తున్న జాబు.

మరదలు రత్నమ్మకు దగ్గు తగ్గిందా? కోడలికి నడుము నొప్పి ఎలా ఉంది? చిన్నమ్మ పూటకింత సంగటి తింటోందా, మజ్జిగతోనే సరిపెడుతోందా? చంటిదానికి జ్వరం మళ్ళీ రాలేదు కదా? నీ మోకాలి సంగతి చివరికి పెట్టుకున్నాను. మదనపల్లె మార్కెట్లో టమోటా బాక్సులు దించి లారీ మీద నుంచి దూకినప్పుడు మెలితిరిగిన కాలు ఇప్పటికీ సరిగా లేదని రత్నమ్మ చెప్పింది. నిన్ను ఫోనులో అడిగితే "సిగ్నల్ లేదక్కా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. నా అక్షరాలు వంకరగా ఉంటాయి, ఓపిగ్గా చదువు.

ఇక్కడ మేం బాగున్నాం. నిజంగానే బాగున్నాం, దిగులు పడొద్దు. మనవరాలు లావణ్య ఇక్కడ ఫిజియోథెరపీ చదువుతోందని వండిపెట్టడానికి వచ్చానే గానీ, ఊరు నాకింకా అలవాటు కాలేదు. చలి మన రామసముద్రం కంటే ఎక్కువ. కూరగాయలామె అరవం మాట్లాడుతుంది, పక్కింటామె కన్నడం. నేను వేలు చూపించి కొనుక్కుంటాను. మొన్న అనపకాయలు దొరికితే గింజలు నానబెట్టి, తోలు పితికి పితికిపప్పు చేశాను, నువ్వు తింటే బాగుండుననిపించింది. మాది మేడ మీద గది. పిట్టగోడ పొట్టిది. లావణ్య ఫోనులో మాట్లాడుతూ దాని పక్కనే తిరుగుతుంటే నా ప్రాణం నిలవదు. అది కాలేజీకి పోతే సాయంత్రం దాకా నాతో మాట్లాడేవాళ్ళు ఉండరు. అయినా బాగానే ఉన్నాను.

ఒకరోజు మంచం కింద ఊడుస్తుంటే సంచీ ఒకటి తగిలింది. విప్పి చూస్తే మనిషి కాలి ఎముకలు. తొడది, పిక్కది, మోకాలి చిప్ప, అన్నీ ఉన్నాయి. ఎవరి కాలో, ఏ తల్లి బిడ్డో, దహనం కూడా జరగలేదేమో అనుకున్నాను. ఆ మనిషికి కోపం వస్తే చదువుకునే పిల్లకు కీడు కదా. ఎముకలు కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, ఊదొత్తి వెలిగించి దండం పెట్టుకున్నాను. లావణ్య వచ్చి చూసి మంచం మీద పడి నవ్వింది.

"అవ్వా, అవి ప్లాస్టిక్‌వి. సీనియరక్క దగ్గర అడిగి తెచ్చుకున్నా. ఎవురూ సచ్చిపోలేదు."

"అట్లయితే సంచీలో దాసిపెట్టేది యాల? నా గుండె ఆగిపోయుంటే?"

"నువ్వు భయపడతావనే దాసినా."

పసుపు ఎంత తోమినా పోలేదు. అది సీనియర్ అమ్మాయిని తలుచుకుని కాసేపు దిగులుపడింది. తరువాత పుస్తకం తెచ్చి నాకు బొమ్మ చూపించింది. కండ ఎముక మీద ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఎర్రరంగు, ఎక్కడ ముగుస్తుందో అక్కడ నీలం వేశారు. "కుంకుమ పెట్టనే పెట్టినావు. నీలం బదులు పసుపు అనుకుందాం" అంది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం అది కండ పేరు చెబుతుంది, నేను బొట్టు పెడతాను. తప్పు చెబితే బొట్టు దాని ముక్కు మీద పెడతాను.

ఇంగ్లీషు పేర్లు నాకు నోరు తిరగవు. అందుకని అది అన్నిటికీ మనవాళ్ళ పోలికలు చెబుతుంది. "ఈ చిప్ప ఇంటి పెద్ద మాదిరి అవ్వా. అందరికీ కనపడేటట్టు ముందర కూర్చోనుంటాది." పిర్రల కండ ఒంట్లోకెల్లా పెద్దదట, మనిషి కూర్చున్నచోటి నుంచి లేచేటప్పుడు పనిచేస్తుందట. "మా నాయనకు అది యాడుందో ఆదివారం పూట కనిపెట్టలేం" అంది. నవ్వుతూనే అన్నీ నేర్చుకుంటోంది. మొదటి పరీక్షలో తప్పిన పిల్ల ఈసారి గట్టెక్కింది.

ఇక నీకు చెప్పాల్సింది ఇది. మొన్న మోకాలి లోపల చూపించింది. అక్కడ తాళ్ళలాంటివి రెండు అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి పోతాయి.

"ఈళ్ళిద్దరూ తోడికోడళ్ళు అవ్వా. ఒకరి మొకం ఒకరు సూడరు. ఒకామె పిక్క ఎముకను ముందుకు పోనీదు, ఇంకొకామె ఎనక్కి పోనీదు. ఒకామె అలిగి పుట్టింటికి పోయిందనుకో, ఇల్లు జారిపోతాది."

నేను నవ్వబోయి ఆగిపోయాను. మడిలో పక్కకు తిరిగితే మోకాలు జారుతోందని నువ్వు రత్నమ్మతో అన్నావు కదా. ఆ తాళ్ళు ఎక్స్‌రేలో కనపడతాయా అని అడిగాను. కనపడవట. మదనపల్లెలో ఎక్స్‌రే తీసి ఎముక బాగుందన్నారని నువ్వు ధైర్యంగా ఉన్నావు. ఎముక బాగానే ఉంటుంది నారాయణా, దాన్ని పట్టుకునేది తెగి ఉంటే? పుంగనూరులో కట్టించుకున్న పసరు కట్టు లోపలి తాడు దాకా ఎలా పోతుంది? అలాగే తిరుగుతుంటే రెండు ఎముకల నడుమ ఉండే మెత్త కూడా నలిగిపోవచ్చట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం దిగలేదు.

లావణ్య వాళ్ళ సారును అడిగింది. ఫోనులో చెప్పలేం, మనిషిని ఇక్కడికి రప్పిస్తే చూస్తామన్నారు. పడుకోబెట్టి, మోకాలు మడిచి, పిక్కను ముందుకు లాగి చూస్తారట. అది నా కాలు లాగి చూపించింది. నా తోడికోడళ్ళిద్దరూ ఇంట్లోనే ఉన్నారట. అవసరమైతే స్కాన్ రాస్తారు. కోస్తారని భయపడొద్దు. తొడ కండకు బలం వచ్చేలా కసరత్తు చేయిస్తే కొందరికి చాలునట. నీకేది కావాలో చూశాకే చెబుతారు. నేను పక్కనే ఉంటాను.

మందు కొట్టాలి, కాయ కోయాలి అని సాకులు చెప్పొద్దు. రత్నమ్మతో, నీ కొడుకుతో మాట్లాడేశాను. కోత వాడు చూసుకుంటాడు, రత్నమ్మ నీ వెంట వస్తుంది. పుంగనూరులో బస్సు మారేటప్పుడు పరుగెత్తొద్దు. ఆ బస్సు పోతే ఇంకొకటి వస్తుంది. ఎక్స్‌రే ఫిల్ము మడత పెట్టకుండా తీసుకురా. నాకు రాగిపిండి, కాస్త చింతపండు తెస్తే చాలు, బరువు రత్నమ్మను మొయ్యనీ.

చిన్నమ్మ కాళ్ళకు నా తరఫున దండం పెట్టి, నన్నూ ఈ పిల్లనూ దీవించమని అడుగు. పిల్లలందరికీ నా దీవెనలు. నువ్వు చల్లగా ఉండాలి, రెండు కాళ్ళ మీద నిలబడి ఉండాలి.

నీ అక్క,
రామక్క

క్యాలెండరు మీద గీత పెట్టమని రత్నమ్మకు చెప్పు. ఈ సోమవారం కాదు, పై సోమవారం, పదహారో తేదీ సారు నిన్ను చూసేది.